రెండో పన్నెండు

అమలాపురం, ఆడపిల్లల హాస్టల్
ఆగస్టు 11

సూరన్నయ్యకు,

ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వకు. సెకండియర్‌కి కొత్త రూలు పెట్టారు. హాస్టల్లో అడుగుపెట్టగానే ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ లాక్కుని వార్డెన్ గదిలో బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆదివారం ఆవిడ ఫోన్లోంచి ఐదు నిమిషాలు మాట్లాడుకోవచ్చు, ఆవిడ పక్కనే కూర్చుని వింటుండగా. కంప్యూటర్ సైన్సు చెప్పడానికి పిల్లల దగ్గర కంప్యూటర్లు లాక్కోవాలని ఎవరికి తోచిందో, వాళ్ళకి దండ వెయ్యాలి. మా ల్యాబ్ అటెండరు సువార్తమ్మగారిది మీ పి.గన్నవరమే. రోజూ సాయంత్రం బస్సు నీ జిరాక్స్ కొట్టు ముందే దిగుతారట. ఈ కాయితం ఆవిడ చేతికిస్తున్నాను.

నా చదువుకి పూచీ నీదని నువ్వు మాటిచ్చావు కాబట్టే నాన్న నన్ను ఇక్కడ చేర్పించాడు. "ఒక్క పరీక్ష తప్పినా ఇంటికొచ్చెయ్యాలి" అని నీ ఎదురుగానే షరతు పెట్టాడు. అందుకని ఇక్కడ నేనేం చదువుతున్నానో నీకు చెప్పుకోవాలి. నువ్వూ ఇక్కడే చదివావు, నీకు తెలియనిదేం కాదు. అయినా రాస్తాను, రాస్తేగాని నా ఒంటిమంట తగ్గదు.

ల్యాబ్‌లో నలభై కంప్యూటర్లున్నాయి. నలభైకీ నీలం గుడ్డ తొడుగులు. పైనుంచి తనిఖీకి వచ్చే రోజున ఆ తొడుగులు తీస్తారట. మిగతా రోజుల్లో మేం వాటి పక్కనే బల్లల మీద ప్రోగ్రాములు చేత్తో రాస్తాం. ఎడమ పేజీలో ప్రోగ్రాము, కుడి పేజీలో స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీసిన డబ్బా. ఆ డబ్బాలో అవుట్‌పుట్. అంటే కంప్యూటర్ చెప్పాల్సిన జవాబు, కంప్యూటర్ని అడక్కుండా మేమే రాసేస్తాం. ఎక్కడ చూసి రాస్తామనుకున్నావు? అటక మీద దాచినట్టు పసుపు పట్టిన ఒక పాత రికార్డు ఉంది, అట్టకి బ్రౌన్ పేపరు వేసి. దాన్ని మోడల్ రికార్డు అంటారు. గోపీకృష్ణ సార్ దాన్ని ముందు బెంచీకి ఇస్తారు, అది వెనక బెంచీ దాకా నడుస్తుంది. ఫోన్‌ని అడిగితే ప్రోగ్రాము రాసిపెట్టే కాలంలో అరవై మందిమి తలలు వంచుకుని ఎప్పటిదో దస్తూరీ దిద్దుతున్నాం.

ఇంతకీ అసలు సంగతి. పదకొండో ప్రోగ్రాము, సంఖ్యల్ని చిన్నదాని నుంచి పెద్దదానికి వరసలో పెట్టేది. ఇచ్చిన సంఖ్యలు: 45, 12, 78, 3, 56, 12, 90. మోడల్ రికార్డులో అవుట్‌పుట్: 3, 12, 45, 56, 78, 90.

లెక్కపెట్టు. లోపలికి ఏడు వెళ్ళాయి, బయటికి ఆరే వచ్చాయి. రెండో పన్నెండు ఏమైంది? వరస మార్చమంటే సంఖ్యని మింగేసే ప్రోగ్రాము ఎక్కడైనా ఉంటుందా? నువ్వు మీ బ్యాచ్ టాపర్‌వి కదా, చెప్పు.

వీరవేణి


పి.గన్నవరం
ఆగస్టు 16

అమ్మాయ్ వేణీ,

నీ ఉత్తరం సువార్తమ్మగారు భద్రంగా ఇచ్చారు. కొట్టులో టీ తాగమంటే "బస్సు దిగేక ఇంటికెళ్ళే వరకూ నా కాళ్ళు నా మాట వినవండి" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. గోదారి బాగా పెరిగింది. లంకల్లో వాళ్ళు గొడ్లని గట్టెక్కించారు. మీ ఊళ్ళో ఏం భయం లేదు. బాబాయి మొన్న కొబ్బరి దింపుకి ఇటు వచ్చినప్పుడు కనబడ్డారు. నువ్వెలా చదువుతున్నావని అడిగితే బాగా చదువుతోందని చెప్పాను.

నీ కోపం నాకు అర్థమైంది. కానీ డిగ్రీ అంటే నాలుగేళ్ళ పని తల్లీ. లెక్కలు, డేటా స్ట్రక్చర్స్, ఆ పైన ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, ఆటోమేటా అనే ఇంకో పెద్ద గుంట. హాజరు, మిడ్ పరీక్షలు, రికార్డు, వైవా. అన్నీ కొంచెం కొంచెం చూసుకుంటూ వెళ్ళాలి. రికార్డు మీద సంతకం లేకపోతే ల్యాబ్ పరీక్షకి రానివ్వరు. అది గుర్తుపెట్టుకుని, ఇచ్చింది ఇచ్చినట్టు రాసెయ్యి. నేర్చుకునేది వేరేగా నేర్చుకుందువుగాని. సెలవుల్లో వస్తే నా కొట్టులో సిస్టమ్ ఉంది, రోజంతా నీదే.

అమలాపురంలో గడియారస్తంభం దగ్గర కొన్న ఆ దోపిడీ, పోరాటం అనే చిన్న పుస్తకాలు మరీ ఎక్కువ చదవకు.

సూరన్నయ్య


అమలాపురం
సెప్టెంబరు 8

అన్నయ్యా,

నేనడిగింది గోదారి గురించి కాదు, రెండో పన్నెండు గురించి. మూడు పేరాలు రాశావు, ఒక్కదాంట్లోనూ జవాబు లేదు.

సరే, జవాబు నేనే సంపాదించాను. పొద్దున ఏడున్నరకి సువార్తమ్మగారు ల్యాబ్ ఊడుస్తారు. వెళ్ళి అడిగాను. ఆవిడ చీపురు పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూశారు.

"దేనికమ్మా కంప్యూటరు?"

"ప్రోగ్రాము నడిపించి చూడాలండి."

"ఇన్నేళ్ళ నుంచీ ఉన్నాను, ఈటిని నడిపిత్తానన్న పిల్లని నిన్నే చూసేను. దుమ్ము దులిపేదాన్ని నేను, సంతకాలెట్టేది ఆళ్ళు. కూర్చో. ఎనిమిదింపావుకి లేచిపోవాలి, ఆయ్."

మూడు రోజులు పట్టింది. కాయితం మీద తప్పుల్లేని ప్రోగ్రాము తెర మీద ఇరవై రెండు తప్పులు చూపించింది. ఒకచోట కామా, ఒకచోట బ్రాకెట్టు, ఒకచోట నా అజ్ఞానం. అన్నయ్యా, ఏడాది పైగా చదివినదాని కంటే ఆ మూడు పొద్దుల్లో నేర్చుకున్నది ఎక్కువ. నాలుగో రోజున నడిచింది. 3, 12, 12, 45, 56, 78, 90. ఏడూ వచ్చాయి. కూర్చున్న కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

రికార్డులో ఏడు రాసి ఇచ్చాను. గోపీకృష్ణ సార్ మోడల్ రికార్డు పక్కన పెట్టుకుని చూశారు. ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశారు.

"మోడల్లో ఆరున్నాయి. నీకు ఏడెలా వచ్చేయి?"

"నడిపించి చూశాను సార్. ఏడు పెడితే ఏడే వస్తాయి."

"ఎవరు నడపమన్నారు? ల్యాబ్ ఎవరు తెరిచేరు?"

"సార్, ఆరు తప్పు. లెక్కపెట్టండి."

"తొమ్మిది బ్యాచ్‌లు ఇదే రాసేయి. వాళ్ళందరూ తెలివితక్కువ వాళ్ళు, నువ్వు తెలివైనదానివి. అంతేనా? ఆరు రాసి తీసుకురా, సంతకం పెడతాను. లేదంటే నీ ఇష్టం."

క్లాసంతా నవ్వింది. ఎందుకు నవ్వారో వాళ్ళకీ తెలీదు. వాళ్ళ యాభై తొమ్మిది రికార్డుల్లోనూ ఆరే ఉన్నాయి మరి. ల్యాబ్ ఎవరు తెరిచారో మాత్రం నేను చెప్పలేదు.

చదువు అంటే కళ్ళతో చూసినదాన్ని నోటితో చెప్పగలగడం. చూసింది కొట్టేసి చూడనిది రాస్తే మార్కులు వేసేదాన్ని చదువు అనరు, లొంగుబాటు అంటారు. ఇదే ఒక పేజీ రాశాను, దీంతో పంపుతున్నాను. పైన "తొమ్మిది బ్యాచ్‌ల అబద్ధం" అని పెద్ద అక్షరాలతో పెట్టి, రెండు వందల కాపీలు తీసి సువార్తమ్మగారి చేతికియ్యి. మిగతాది నేను చూసుకుంటాను.

వేణి


పి.గన్నవరం
సెప్టెంబరు 12

వేణీ,

మెషీన్ డ్రమ్ము పోయింది. రాజమండ్రి నుంచి రావాలి, నెల పట్టొచ్చు. కాపీలు ఇప్పట్లో కుదరవు.

గోపీకృష్ణ చెడ్డవాడు కాదు. వాడికీ పైన వాళ్ళున్నారు. నవంబరులో కాలేజీకి పెద్ద తనిఖీ ఉందట. ఆ రికార్డు బల్ల మీద పెట్టి చూపిస్తారు. ఇప్పుడు దాన్ని కదపమంటే ఎవరూ కదపరు. ఒక్క అంకె కోసం ఏడాది పోగొట్టుకోకు. బాబాయికి నేను జవాబు చెప్పుకోలేను.

అన్నయ్య


అమలాపురం
అక్టోబరు 6

సూరిబాబు గారికి,

మీ మెషీన్ మూడు వారాలుగా పొద్దున్నించి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉందని సువార్తమ్మగారు చెప్పారు. మీ వైపు నుంచి బస్సులో వచ్చే మా కాలేజీ పిల్లలే వరస కట్టి రికార్డు పేజీలు తీయించుకుంటున్నారట.

నిన్న ల్యాబ్‌లో మోడల్ రికార్డు నా వంతుకి వచ్చింది. బ్రౌన్ పేపరు ఒక మూల చిరిగింది. కింద అట్ట మీద పేరుంది. లోపలి అక్షరాలు నావాటిలాగే ఉన్నా ఇన్నాళ్ళూ పోల్చుకోలేకపోయాను. చిన్నప్పుడు పలక మీద నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించిన దస్తూరీ అది.

మీరు మీ బ్యాచ్ టాపరని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. "గోపీకృష్ణ చెడ్డవాడు కాదు. వాడికీ పైన వాళ్ళున్నారు" అని రాసినప్పుడే నాకు తట్టాలి. సార్‌ని వాడు అనేటంత చనువు మీకెక్కడిది?

ఈసారి గోదారి సంగతులు రాయకండి.

వీరవేణి


పి.గన్నవరం
అక్టోబరు 9

అమ్మాయ్,

గారు అని రాశావు. సువార్తమ్మగారు ఎదురుగా ఉండగానే చదివాను, ఆవిడ అటు తిరిగి నిలబడ్డారు.

ఆ రికార్డు నాదే. గోపీ, నేను ఒకే బెంచీ.

మా రోజుల్లో నలుగురికో కంప్యూటరు. పదకొండో ప్రోగ్రాము రోజున నా వంతు వచ్చేసరికి గంట కొట్టేశారు. మర్నాడు పొద్దున్నే సబ్మిషన్. హాస్టల్ మెట్ల మీద కూర్చుని అవుట్‌పుట్ మనసులోనే లెక్కకట్టి రాశాను. రాస్తుంటే పన్నెండు రెండుసార్లు వచ్చింది. నేనే పొరపాటున మళ్ళీ రాస్తున్నాననుకుని రెండోది వదిలేశాను. అంతే జరిగింది. దస్తూరీ బాగుందని ఆ ఏడు తనిఖీకి నా రికార్డు పెట్టారు. సార్లు మెచ్చుకున్నారు. మరుసటి ఏడు జూనియర్లకి అదే ఇచ్చారు. తప్పు ఉందని నాకూ తెలీదు వేణీ. అచ్చేసినట్టు ఉంటే ఎవరైనా నమ్ముతారు. నేనూ నమ్మాను.

ఎంత నమ్మానంటే, హైదరాబాదులో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే సరిగ్గా అదే అడిగారు. ఒకే సంఖ్య రెండుసార్లు వస్తే ఏమవుతుంది అని. "ఒకటి పోతుందండి" అన్నాను. ఆయన ప్రోగ్రాము నా ముందుకి జరిపి, "ఏ లైనులో పోతుందో చూపించండి" అన్నాడు, చాలా మర్యాదగా. నేను ఆ లైను వెతికాను. ఏసీ గదిలో చెమటలు పట్టేలా వెతికాను. లేని లైను ఎక్కడ దొరుకుతుంది? బయటికి వస్తుంటే లోపల నవ్వు వినబడింది. తర్వాత ఇంకో ఇంటర్వ్యూకి వెళ్ళలేదు. ఊరొచ్చి కొట్టు పెట్టాను. అందరికీ అమ్మ ఒంట్లో బాగోలేదని చెప్పాను.

గోపీ లెక్చరర్‌గా చేరినప్పుడు వాడికి చెప్పాను, ఆ పేజీ తీసేయ్ రా అని. "ఎవడు లెక్కపెడతాడు సూరీ, వదిలెయ్" అన్నాడు. నిజమే, తొమ్మిదేళ్ళు ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ పేజీ పిల్లలకి జిరాక్స్ తీసిచ్చేదీ నేనే. మెషీన్ మూత వేసేటప్పుడు అటు చూడను.

నువ్వు లెక్కపెట్టావు. మొదటి ఉత్తరం చదివిన రోజు కొట్టు మూసేసి కాలవ గట్టున చాలాసేపు కూర్చున్నాను. నీకు ఆరు రాయమని చెప్పింది భయంతోనే. నాకు జరిగింది నీకు జరగకూడదని.

సూరి


అమలాపురం
అక్టోబరు 13

అన్నయ్యా,

నీకు జరిగింది నాకు జరగకూడదని, నీకు జరిగిందానికి కారణమైన పనే నన్ను చెయ్యమన్నావు. ఇదేం ప్రేమ?

కుర్రాడివి, తొందరలో తప్పు రాశావు. దానికి నాకు కోపం లేదు. తెలిశాక ఇన్నేళ్ళూ దాన్ని కాపీలు తీశావు చూడు, దానికి కోపం. ఎంతమంది ఆ గదిలో నీలాగే కూర్చుని లేని లైను వెతుక్కున్నారో ఎప్పుడైనా ఆలోచించావా? బయటి గోడ మీద మాత్రం కాలేజీ వాళ్ళు ఉద్యోగాలొచ్చిన వాళ్ళ ఫొటోలు అతికిస్తారు. రాని వాళ్ళకి ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు. వాళ్ళు తమకే తెలివి లేదనుకుని ఊరికి పోతారు. ఈ దోపిడీకి నాకు ఇంతవరకు ఏ కరపత్రంలోనూ పేరు దొరకలేదు.

సంతకాలకి ఆఖరు తేదీ నవంబరు 3. నేను ఆరు రాయను. పరీక్షకి రానివ్వకపోతే నాన్నకి నేనే చెప్పుకుంటాను. నువ్వు కాలేజీకి రావద్దు, సార్‌తో మాట్లాడొద్దు, నా తరఫున ఏమీ చెయ్యొద్దు. ఈ ఒక్క మాట విను.

వేణి


పి.గన్నవరం
నవంబరు 3

వేణమ్మా,

నీ మాట వినలేదు. తిట్టు, పడతాను.

నిన్న గోపీ దగ్గరికి వెళ్ళాను. స్టాఫ్‌రూములో నీ రికార్డు తీసి ముందు పెట్టాడు. "సూరీ, నాకు మాత్రం ఆ పిల్లని ఆపాలనుందా? మోడల్లో ఆరు, దీంట్లో ఏడు ఉంటే తనిఖీ వాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టి అడుగుతారు. నా ఉద్యోగం పోతుంది. నాకిద్దరు పిల్లలు రా. ఒక్క పేజీ మార్చు, ఇక్కడే సంతకం పెట్టేస్తాను" అన్నాడు.

నీ దస్తూరీ నా దస్తూరీ ఒకటే. పేజీ మార్చి రాసి అతికించాను. ఎవరూ పోల్చుకోలేరు. అన్ని పేజీలకీ సంతకం అయింది, ముద్ర కూడా పడింది. పదకొండున పరీక్ష రాసుకో. ఏడన్న సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. కాయితం మీద ఏముంటే ఏం? బాబాయికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను.

ఇంక నీ ఇష్టం వచ్చినట్టు కోప్పడు.

అన్నయ్య


అమలాపురం
నవంబరు 12

అన్నయ్యా,

నిన్న పరీక్ష అయిపోయింది. నేను రాయలేదు.

రికార్డు తీసుకుని పదకొండో ప్రోగ్రాము తెరిచాను. నా అక్షరాలే. నేను రాయని నా అక్షరాలు. నా చేత్తో నేను అబద్ధం రాసినట్టుగానే ఉంది, అంత బాగా రాశావు. ఆ పేజీ చింపి సార్ బల్ల మీద పెట్టాను. "ఇది నాది కాదు సార్. నాది మీరు ఎర్ర పెన్నుతో కొట్టేసింది" అన్నాను. ఆయన ముఖం చూస్తే ఒక్క క్షణం జాలేసింది. కానీ ఆయన రికార్డు మూసి సొరుగులో పెట్టుకుని, "అయితే గేటు బయట నిలబడమ్మా" అన్నారు. మిగతా యాభై తొమ్మిది మందీ లోపలికి వెళ్ళారు. వెళ్తూ ఇద్దరు నా వైపు చూశారు, ఒకమ్మాయి ఆగింది, మళ్ళీ వెళ్ళిపోయింది. ఆ మూడు గంటలూ గేటు దగ్గర నిలబడే ఉన్నాను. కూర్చుంటే ఏడుస్తానని కూర్చోలేదు.

తర్వాత వార్డెన్‌ని అడిగి నాన్నకి ఫోన్ చేశాను. ఆదివారం కాకపోయినా ఇచ్చింది, నా ముఖం చూసి కాబోలు. మొత్తం చెప్పాను. నీ పేరు కూడా చెప్పాను.

"ఎన్ని ఏసేవు లోపల?" అన్నాడు.

"ఏడు నాన్నా."

"ఆరొచ్చేయని రాయమన్నారా?"

"ఆయ్."

"చెట్టు మీంచి ఏడు కాయలు దింపితే కింద ఆరని రాసేవోణ్ణి మేం గెల దగ్గరికి రానియ్యం. ఇంజనీర్లయ్యుండి ఆళ్ళకిదేం పని?" అన్నాడు. ఆ తర్వాత, "తప్పితే ఇంటికొచ్చెయ్యమన్నాను గదా" అన్నాడు. పెట్టె సర్దుకోవాలేమో అనుకున్నాను. "ఇది తప్పడం కాదులే. మళ్ళీ ఎప్పుడెడతారు?"

"వచ్చే ఏడు, జూనియర్లతో."

"అయితే ఉండు అక్కడే."

చదువుకోని నాన్నకి రెండు నిమిషాల్లో అర్థమైంది. నువ్వు నాలుగేళ్ళు చదివి, ఇన్నేళ్ళు దాచి, చివరికి మళ్ళీ అదే పేజీ రాశావు. మొదటిసారి తెలీక రాశావు. ఈసారి తెలిసే రాశావు, అదీ నా పేరు మీద. నాకు సాయం చేశాననుకుంటున్నావు. నువ్వు సాయం చేసింది వాళ్ళకి.

నీకు నాతో మాట ఉండాలంటే ఒక్కటే దారి. తనిఖీ ఇరవై రెండున. ఆ రికార్డు ఎవరిదో, ఆ ఆరు ఎలా వచ్చాయో, ప్రిన్సిపాల్‌కి నీ దస్తూరీతో, నీ పేరుతో రాసియ్యి. రాయకపోతే ఇంక సువార్తమ్మగారి చేతికి కాయితాలివ్వొద్దు.

వేణి


పి.గన్నవరం
నవంబరు 24

వేణీ,

ఇరవై ఒకటిన వెళ్ళాను. రెండు పేజీలు రాశాను. నీ పేరు మీద నేను రాసిన పేజీ సంగతి కూడా దాచలేదు. ప్రిన్సిపాల్ గారు చదివి, "ఇప్పుడా చెప్పడం, రేపు తనిఖీ పెట్టుకుని?" అన్నారు. "తొమ్మిదేళ్ళు ఆలస్యమైందండి, ఇంకో రోజు ఆగలేకపోయాను" అన్నాను. కాపీ మీద స్టాంపు వేయించుకున్నాను. ఆ కాపీ దీంతో పంపుతున్నాను, నీ దగ్గరుంచు. తనిఖీ బల్ల మీద మాత్రం ఆ రికార్డు లేదట, సువార్తమ్మగారు చెప్పారు. తీసేశారో, దాచేశారో తెలీదు.

గోపీ నిన్న కొట్టుకి వచ్చాడు. లోపలికి రాలేదు. రోడ్డు మీదే నిలబడి, "ఒకే కంచంలో తిన్నాం కదరా" అన్నాడు. వాణ్ణి చూస్తే బాధగానే ఉంది. వాడికి మెమో ఇచ్చారట. ఈ వారం మీ కాలేజీ పిల్లలెవరూ నా కొట్టుకి రావడం లేదు. ఇటు వెళ్ళొద్దని క్లాసులో చెప్పారనుకుంటాను.

ఇవాళ మధ్యాహ్నం మాత్రం ఒకమ్మాయి వచ్చింది. మీ క్లాసే. పరీక్ష రోజున గేటు దగ్గర ఆగింది తనేనట. జిరాక్స్ అడగలేదు. "అండీ, వేణి నడిపించిన ప్రోగ్రాము నేనూ నడిపించి చూడొచ్చా" అంది. నా కుర్చీ ఇచ్చాను. తప్పుల మీద తప్పులు వచ్చాయి. చెబుదామని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. పక్కన నిలబడి చూశాను. నా ఇన్నేళ్ళ కొట్టులో ఒక పిల్ల కాపీ తీయించుకోకుండా గంటన్నర కూర్చోవడం ఇదే మొదటిసారి. అయిపోయాక ఒకసారి వేలితో లెక్కపెట్టుకుంది. నా వైపు తిరిగి, "మరి మేం రాసిందేంటండీ" అంది.

అది నా దస్తూరీ అని చెప్పాను. ఆ పైన ఆ అమ్మాయికి ఏం చెప్పానో ఇక్కడ రాయను. ఆదివారం పదకొండింటికి హాస్టల్ గేటు దగ్గరికి వస్తాను. అడుగు, నీ ముఖం చూసి చెబుతాను. కోపం తగ్గించుకుని రావద్దు, ఉన్నదంతా తీసుకునే రా.

సూరి